క్వారీ తాబేళ్ళు

మామకు లింగమ్మ రాసేది.

ఇక్కడ అందరికీ ఒంట్లో బాగానే ఉంది. అత్తకు మోకాళ్ళ నొప్పి తగ్గింది. నువ్వు గూడా ఆ చలికొండల్లో క్షేమంగా ఉన్నావనుకుంటన్నా. సొరంగంలోకి దిగేటప్పుడు టోపీ తియ్యబాక.

నువ్వడిగినయ్యి వరసగా చెబుతా. సుష్మిత బాగా చదువుతంది. శనివారాలు మన జంతుశాలకు గురజాల బడిపిల్లలు బస్సుల్లో వస్తారు గదా, వాళ్ళకు అన్నీ మనమ్మాయే చెబుతంది. మొన్నొక పిల్ల "పాము కనపడితే మా నాన్న చంపేస్తాడక్కా" అంటే, "మీ కళ్ళంలో ఎలకల్ని ఎవరు తింటారో మీ నాన్ననే అడుగు" అందంట. లారీ గుద్దిన నక్కకు కాలు అతుక్కుంది. కుంటుతంది గానీ తిండి మానలేదు. నువ్వు డ్రిల్లింగ్ మిషన్ తోలిన క్వారీ గుంటను ఇప్పుడు చూస్తే గుర్తుపట్టలేవు. అది మూతబడ్డాక ఊరు ఖాళీ అయిద్దనుకున్నాం. ఇప్పుడు అందులోనే జంతుశాల నడుస్తంది, జంతువులకు వండిపెట్టే మా ఆడోళ్ళు, గడ్డి పెంచే రైతులు, గేటు కాడ మజ్జిగ అమ్మేవాళ్ళు, అందరి పొయ్యిలూ దాని మీదే వెలుగుతన్నయి.

నీ తమ్ముడు వీరాంజి ఫోనెందుకు ఎత్తట్లేదని గూడా రాశావు. అది చెప్పాలంటే తాబేళ్ళ సంగతి చెప్పాలి.

దొంగల దగ్గర పట్టుకున్న నక్షత్ర తాబేళ్ళను అటవీశాఖ వాళ్ళు మన జంతుశాల కమిటీకి అప్పజెప్పారు, తేరుకున్నాక కొండల్లో వదలాలని. అవి తగ్గిపోతా వచ్చినయి. మొదట గడ్డి చాటున ఉండయేమో అనుకున్నాం. తర్వాత కమిటీ పెద్ద కృష్ణకుమారి మేడం అందర్నీ కూచోబెట్టి, "ఇవి దొరక్కపోతే మనకిక ఏ జంతువునూ ఇవ్వరు. గేటుకు తాళమే" అంది.

ఆ రోజు నుంచి ఊళ్ళో ఎవరూ ఎవరినీ నమ్మలేదు. చేతిలో సంచి ఉంటే చాలు, మొహం మానేసి సంచినే చూస్తన్నారు. అందరి అనుమానం ఇమ్మానుయేల్ మీద. తాబేళ్ళను చూసుకునేది అతనే, పైగా ఒకప్పుడు వలలేసి కౌజుపిట్టల్ని పట్టి అమ్మినోడు. "పాత అలవాటు ఏడికి పోయిద్ది?" అని మీటింగులో నేనే అన్నా. అతను తాళంచెవి మేడం చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. అట్టా వెళ్ళిపోవటం గూడా నాకు దొంగతనంలాగే కనపడింది.

అతను మానేశాక ఇంకో తాబేలు పోయింది.

అప్పుడు నా చూపు మనింటి వైపు తిరిగింది మామా. రోజూ గడ్డి ఆటో లోపలికి తోలేదీ, ఖాళీ గోతాలు బయటికి తెచ్చేదీ వీరాంజే. ఈ మధ్య నేను గడపలోకొస్తే ఫోన్లో మాట ఆపేస్తన్నాడు. ఒకరోజు ఆటోలో చెయ్యి పెట్టానో లేదో వెనక నిలబడ్డాడు.

"ఏంది వదినా, ఏం వెతుకుతన్నావు?"

"కొడవలి, అబ్బాయ్."

"కొడవలి చూరులో ఉంది" అని ఆటో కాడ నుంచి కదల్లేదు.

తర్వాతొక మధ్యాహ్నం వాడు అన్నం తింటంటే, ఆటోలో కట్టిపెట్టిన ఎండు మిరపకాయల గోతం పక్కన నిలబడ్డా. తుమ్ము రాలేదు. ఘాటే లేదు. లోపల్నుంచి గోళ్ళతో గీకే చప్పుడు. విప్పితే పైన నాలుగు మిరపకాయలు, కింద తాబేళ్ళు, కదలకుండా పాతగుడ్డల్లో చుట్టినయి. ఒకదానికి గుడ్డ జారి, నోరు తెరుచుకుని నా వంక చూస్తంది. గోతం మళ్ళా కట్టేశా. లోపలికొచ్చి నీ తమ్ముడికి మజ్జిగ పోశా. ఆనక మేడం దగ్గరికి పోయా.

పట్టించింది నేనే మామా.

దాచేపల్లి దాటకముందే అటవీశాఖ వాళ్ళు ఆటో ఆపి వీరాంజిని పట్టుకుపోయారు. తాబేళ్ళు దొరికినయి, ఒకటి మట్టుకు బతకలేదు. దాన్ని పూడ్చి పెట్టాక సుష్మిత "బాబాయే చేశాడని శనివారం పిల్లలకు చెప్పాలా అమ్మా?" అంది. చెప్పమన్నా. జంతుశాల నిలబడింది. ఇమ్మానుయేల్‌ను పిలిచారు. అందరి ముందూ నేనన్నది తప్పని చెప్పా. "అనటం అందరూ అన్నారక్కా, వెనక్కి తీసుకుంది నువ్వే" అని తాళంచెవి తీసుకున్నాడు.

అత్త మట్టుకు కొడుకును ఇమ్మానుయేలే ఇరికించాడని పొద్దస్తమానం శాపనార్థాలు పెడతంది. నేను పక్కనే కూచుని వింటన్నా. ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు గూడా ఆమె నా పక్కనే ఉంది, నువ్వు కంగారుపడతావని వీరాంజి సంగతి ఎత్తొద్దంది. ఏం చెప్పను?

జైల్లో ఉన్న వీరాంజికి అన్నం క్యారేజీ తీసుకుపోయా. వాడు మూత గూడా తియ్యలేదు. "నువ్వేనని నాకు తెలుసు వదినా. ఇదంతా అన్నకు తెలవకుండా చేశాననుకున్నావా?" అన్నాడు.

కడుపుమంట కొద్దీ అన్నాడో, నిజమే అన్నాడో. నువ్వట్టాంటోడివి కాదని నాకు తెలుసు. కానీ వీరాంజి గురించి గూడా నాకు అట్టాగే తెలుసు.

ఈ ఆదివారం ఫోన్ చెయ్యబాక. నీ గొంతు వింటే ఏం చెప్పినా నమ్ముతా. రైలెక్కి రా. నా ఎదురుగా కూచుని చెప్పు. నీకు తెలవదంటే, పట్టించింది నేనేనని అత్తకు ఇద్దరం కలిసి చెబుదాం. తెలుసంటే నేనొక్కదాన్నే చెబుతా, నీ పేరుతో సహా.

ఇట్లు,
నీ రాకకు ఎదురుచూసే నీ ఇల్లాలు
లింగమ్మ