ఇనుమే వెళ్తోంది

ఇంటి నుంచి,
నవంబరు పద్నాలుగు, శుక్రవారం.

అక్కకు,

చెల్లెలు నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టాలి. అమ్మా నేనూ క్షేమం. నువ్వు క్షేమమేనని రోజూ టీవీలో చూస్తున్నాం.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటని విసుక్కుంటావు. ఫోన్లో నువ్వు మాట్లాడతావు, నేను వింటాను. మన ఇద్దరి మధ్యా మొదటినుంచీ అంతే. కాగితం మీదైతే నన్నెవరూ మధ్యలో ఆపరు.

ముందు కబుర్లు. మన వీధి రెండు ముక్కలైంది. మిత్రదేశానికి ఫిరంగులు పంపాలనేవాళ్ళు ఎండపడే వైపు, వద్దనేవాళ్ళు నీడ వైపు నడుస్తున్నారనిపిస్తుంది. యుద్ధం మొదలైన కొత్తలో అందరూ అయ్యో పాపం అన్నవాళ్ళే. మొదటి విడత ఫిరంగులు పెద్దగా చర్చ లేకుండానే వెళ్ళిపోయాయి. రెండో విడత పెద్దది కావడంతో గొడవ మొదలైంది.

మా లైబ్రరీలో రిటైరైన పోస్టుమాస్టరు గారూ డ్రిల్లు మాస్టారూ గుర్తున్నారా? ఒకే పేపరు మీద ఇద్దరూ తలలు వంచి చదివేవాళ్ళు. ఇప్పుడు చెరో బల్ల దగ్గర కూర్చుంటున్నారు. పేపరు ఒకటే కాబట్టి చెరో సగం లాక్కుంటారు. నిన్న నీ ఇంటర్వ్యూ మొదలు ఒకరి చేతిలో, చివర ఇంకొకరి చేతిలో ఉంది. మొదలు చదివినాయన నిన్ను మెచ్చుకున్నారు. చివర చదివినాయన తిట్టారు. అడిగి మార్చుకోవడానికి ఇద్దరికీ నామోషీ.

కుట్టుమిషను పిన్ని నిన్ను టీవీలో చూసి అమ్మతో ఏమందో చెప్పనా? మీ పెద్దమ్మాయి మాట్లాడుతుంటే యుద్ధానికి కూడా ఇస్త్రీ చేసినట్టుంటుందక్కా అంది. అమ్మ నవ్వింది. పిన్ని వెళ్ళాక నవ్వు ఆపేసి, అది మెచ్చుకోలా వెక్కిరింపా అని నన్నడిగింది. నాకు తెలియదన్నాను.

పోయిన నెల పంపాలనేవాళ్ళ తరఫున నువ్వు టీవీ చర్చకి వెళ్ళడం మేమూ చూశాం. వద్దనేవాళ్ళ తరఫున వచ్చిన ఆ లారీల ఆసామి బల్ల గుద్ది మరీ అడిగాడు: మన ఊళ్ళలో గుంతలు పూడ్చే దిక్కు లేదు, పక్కవాళ్ళ తగాదాకి మన సామానెందుకు, రేపు మన పిల్లల్ని కూడా పంపమంటారా అని. నువ్వు తొణకలేదు. దొంగ పక్కింటి తలుపు బద్దలు కొడుతుంటే మనింటి గడియ ఒక్కటి సరిచూసుకుని పడుకుంటామా అన్నావు. తర్వాత ఆ మాట అన్నావు. "మనం పంపేది ఇనుము. మనుషుల్ని కాదు." హాలంతా చప్పట్లు. ఇప్పుడది పోస్టరుగా మా బస్టాపు గోడ మీద కూడా ఉంది. పక్కన నీ ఫోటో. కళ్ళజోడులో లైటు పడి కళ్ళు కనిపించడం లేదు.

పంపాలో వద్దో తేల్చి చెప్పే తెలివి నాకు లేదక్కా. అక్కడి ఊళ్ళు కాలిన ఫోటోలు పేపర్లోంచి కత్తిరించి ఫైల్లో అంటించేది నేనే. ఒక ఫోటోలో బడి గోడ ఒక్కటే మిగిలింది, దాని మీద ఎక్కాలు. అది అంటించాక పంపవద్దని అనలేను. నువ్వు తప్పని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు.

నాన్న సంగతి రాయాలి.

ఈమధ్య నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా నాన్న ఏరని అడుగుతున్నావు. డ్యూటీలో ఉన్నారని అమ్మ అంటోంది. అది అబద్ధం కాదు. ఆయన ఫిరంగులు వెళ్ళిన చోటే ఉన్నారు. ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పకూడదని వర్క్‌షాపులో గట్టిగా చెప్పి పంపారట. నువ్వు ఇంకా ఇంట్లోదానివే అనుకుని రాస్తున్నాను.

నాన్న వర్క్‌షాపు అలవాటు నీకు తెలుసు. ఫిరంగిని విప్పి బాగుచేసినవాడే, మళ్ళీ అది మొదటిసారి పేలేటప్పుడు దాని చక్రం మీద చెయ్యి వేసి నిలబడాలి. పని సరిగా చెయ్యకపోతే ముందు వాడే పోతాడు కాబట్టి ఎవరూ ఒళ్ళు దాచుకోరు. నాన్న ఎడమ చెవి పోయింది అలాగే. మనం చిన్నప్పుడు ఆయన కుడివైపు కూర్చోవడానికి కొట్టుకునేవాళ్ళం. ఎప్పుడూ నువ్వే గెలిచేదానివి.

మొదటి విడతలో పంపిన ఆ ఫిరంగులు ఏళ్ళ తరబడి షెడ్డులో టార్పాలిన్ కింద పడి ఉన్నవి. వాటిని హడావిడిగా బాగుచేయించారు. ఇక్కడ పేల్చి చూసే వ్యవధి లేక అలాగే రైలెక్కించారు. మొదటి గుండు అక్కడే పేలాలి. అందుకని నాన్నకి ఆర్డరు వచ్చింది. ఆర్డరు వచ్చాక ఎవరేం చేస్తాం, అన్నారు. పానాల సంచీ సర్దుకుని, చలి కోటు వేసుకుని వెళ్ళారు. పెద్దదానికి నేను తిరిగొచ్చాకే చెప్పండి, దాని పని దాన్ని చేసుకోనివ్వండి అన్నారు. వెళ్ళిన కొత్తలో ఒకసారి ఫోన్ చేశారు. నేను మాట్లాడుతుంటే ఏంటమ్మా, ఏంటమ్మా అంటూనే ఉన్నారు. తర్వాత మళ్ళీ చెయ్యలేదు.

అందుకని ఒకటే అడుగుతున్నాను. సోమవారం ఆఖరి చర్చ అంటున్నారు, ఆ మర్నాడే రెండో విడత మీద సభలో ఓటింగట. నువ్వు వెళ్ళు. మాట్లాడు. పంపమనే చెప్పు. ఆ ఒక్క వాక్యం మాత్రం అనకు. అది వినబడగానే అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది, అక్కడ పనేమీ లేకపోయినా. టీవీ కట్టెయ్యనా అంటే వద్దంటుంది. దాన్ని చూడనీ అంటుంది.

భోజనం వేళకి చెయ్యి. గొంతు బొంగురు పోతోంది, వేడినీళ్ళు తాగు.

ఇట్లు,
నీ మాట వినే చెల్లెలు.

తా.క. సంతకం చేశాక మళ్ళీ రాయడం మర్యాద కాదని కాన్వెంటులో మదర్ అనేవారు. కవరు అంటించబోతుంటే పొట్టి వెల్డరు వచ్చాడు. వర్క్‌షాపులో ఉండిపోయిన నాన్న క్యారేజీ తెచ్చాడు. అది ఇచ్చి వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

ఆర్డరేమీ రాలేదట అక్కా. చక్రం మీద చెయ్యి వెయ్యడం వాళ్ళలో వాళ్ళు పెట్టుకున్న అలవాటే, సర్కారు కాగితాల్లో ఎక్కడా లేదు. ఫోర్‌మన్ క్యాంటీనుకి వచ్చి, బలవంతం లేదు, ఇష్టమైనవాళ్ళే రండి అన్నాడట. అందరూ కంచాల్లోకి చూశారు. అప్పుడు వెనక బల్ల నుంచి ఒకరు, ఇనుమే వెళ్తుందని మేస్త్రీ గారమ్మాయి టీవీలో చెప్పిందిగా, ఇక మనమెందుకు అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. నాన్న కూడా నవ్వారట.

ఆ మాట అన్నది నేనేనమ్మా అని పొట్టి వెల్డరు నేల చూస్తూ చెప్పాడు.

నాన్న చెయ్యి కడుక్కుని వచ్చి, ఫోర్‌మన్‌తో తన పేరు రాసుకోమన్నారట. ఊరికే వేళాకోళానికన్నాను, మీరెందుకు వెళ్ళడం అని ఇతను వెంటబడ్డాడట. దానికి నాన్న, "మా అమ్మాయి అబద్ధం ఆడదు. ఇనుమే వెళ్తోంది. నేను దాన్ని దించి వచ్చేస్తాను" అన్నారట. ఇంట్లో ఆర్డరని చెబుతాను, నోరు మెదపకు అని కూడా అన్నారట.

అమ్మ అంతా విన్నది. క్యారేజీ తీసుకుని లోపలికి వెళ్ళి, వెల్డరు భార్య కడిగే పంపినా మళ్ళీ కడిగింది. తర్వాత వచ్చి టీవీ మీద దుప్పటి కప్పింది.

పైన నిన్ను అడిగింది కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యలేదు, కాని ఇక అడగను. నీ మాట అబద్ధం కాకుండా చూసుకోవడానికి ఆయన వెళ్ళారు. సోమవారం దాన్ని అంటావో మానతావో నీ ఇష్టం. మేము చూడం.