లైటు పట్టుకున్న చెయ్యి

ఏమండీ,

మన డీజిల్ కారును ఈరోజు అమ్మనివ్వలేదు. మీ సంవత్సరీకం అయిపోయింది, ఇంక ఆ పాత బండి ఎందుకని మన కొడుకు శీను మైదుకూరు నుంచి పాత బండ్లు కొనే ఒకాయన్ని పిలిపించాడు. నిన్న ట్యాంకు ఎండిపోయేదాకా నడిపింది వాడే. ఈరోజు డీజిల్ పోసి, ఎంతసేపు తాళం తిప్పినా స్టార్టు కాలేదు.

"ఇంజన్ పోయినట్టుండాది. పాత ఇనుము కిందైతే తీస్కపోతా," అన్నాడు వచ్చినాయన.

"ఇంజన్ కాదప్పా, పైపుల్లోకి గాలి పోయింది. పక్కకు జరుగు," అన్నాను.

"నీకేం తెలుసమ్మా? చీరంతా మసి అయితాది," అన్నాడు శీను.

ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చేతిపంపు నొక్కుతూ పోయాను. బుడగలు ఆగి, డీజిల్ నిండుగా వచ్చాక బిగించి, తాళం తిప్పమన్నాను. బండి రెండుసార్లు దగ్గి అందుకుంది.

ఆయన గొంతు మారింది. "అవ్వా, మంచి రేటే ఇస్తాలే."

"ఇనుము కోసం వచ్చినావు కదప్పా, ఇనుమే చూసుకో పో."

మీరు బానెట్ ఎత్తినప్పుడల్లా పక్కన లైటు పట్టుకొని నిలబడ్డాను. స్పానరు అడిగితే ఆడవాళ్ళ పని కాదన్నారు. చెయ్యి లైటుకు అంకితమైంది గానీ, కళ్ళు కాలేదు.

ఈ సాయంత్రం ఫిల్టరులో చేరిన నీళ్ళు దించబోతుంటే, కోడలు అలవాటుగా లైటు పట్టుకొని వచ్చి నిలబడింది. లైటు నేను తీసుకున్నాను. స్పానరు దాని చేతికిచ్చాను.