కడుక్కొని వచ్చిన కాళ్ళు

నర్సీపట్నం,
శనివారం.

బేబీ,

పైగా ఆ ఎముకలొకటి. తిన్నవాళ్ళు తిన్నట్టే ప్లేట్లు కుర్చీల కిందికి తోసేసి లేచిపోయారంటే సర్దుకున్నాను. నీ మందార కుండీలో కోడికాలు గుచ్చిందెవరు? మొలుస్తుందనేమో, మిగిలిన మజ్జిగ కూడా పోశారు. టీ గ్లాసులో ఒక బీడీ ముక్క. మన సంఘంలో బీడీ కాల్చేవాడు ఒక్కడూ లేడని సంఘ పెద్ద రమేష్‌బాబు ప్రతి ఆదివారం సాక్ష్యం చెబుతాడు కదా, కాబట్టి అది ఆకాశం నుంచి రాలి ఉండాలి.

చూశావా, వందనాలు చెప్పకుండానే మొదలెట్టేశాను. ప్రభువు పేరట వందనాలు. ఇక్కడ నేనూ, మీ అమ్మా, మూడు కోళ్ళూ బాగానే ఉన్నాం. నాలుగోది కిందటి వారం శుక్రవారం మనింట్లో జరిగిన ప్రార్థన కూటానికి కూరైపోయింది. పైన చెప్పిన ఎముకలు దానివే.

మీ సేవా శిక్షణలో వార్డెనుగారు ఫోన్లు లాక్కుని ఉత్తరాలు రాసుకోమందని మొదట్లో తిట్టుకున్నాను. ఇప్పుడు ఆవిడకి రుణపడ్డాను. ఈ సంగతి ఫోన్లో నా నోట వచ్చేది కాదు.

నువ్వు మూడు ప్రశ్నలు వేశావు. మోటారు బాగు చేయించాను. రెండోది, లోవలక్ష్మి వేళకి వచ్చి మంచం మీదున్న అమ్మని శుభ్రం చేస్తోందా అన్నావు. కూటం ముందు రోజు దాకా వచ్చింది. ఆ శుక్రవారం నుంచి మాకవరపాలెం దగ్గర జీడితోటల్లో పిక్కలేరే పనికి పోయింది. మూడోది, అమ్మని కూటంలో కూర్చోబెట్టావా అని. దానికి జవాబు కింద ఉంది. అక్కడిదాకా దిగడానికి నాకు కాస్త టైం పడుతుంది.

ఆ రోజు ప్రసంగానికి కోటవురట్ల నుంచి ఒక కొత్తాయన వచ్చాడు. ప్రభువు నడుముకి తువ్వాలు కట్టుకుని శిష్యుల కాళ్ళు కడిగిన సంగతి ఎత్తుకుని, దీనులై ఉండండని రెండు గంటలు మైకులో అరిచాడు. దీనంగా ఉండడానికి అంత గొంతు కావాలని నాకు ఇన్నాళ్ళూ తెలీదు. ఆఖర్న, ఇంటాయన లేచి సంఘ పెద్ద కాళ్ళు కడగాలన్నాడు. బేసిను తెమ్మన్నాడు. మనింట్లో ఉన్న ఒక్క బేసిను ఏదో, దాన్ని ఎవరికి వాడతామో నీకు తెలుసు. అదే తెచ్చాను. తోమే తెచ్చాననుకో. అయినా రమేష్‌బాబుకి చెప్పకు.

రమేష్‌బాబుకి ఈ కడుగుడు సంగతి ముందే తెలుసు. ఇంటి దగ్గరే సబ్బుతో తోముకుని, గోళ్ళు తీసుకుని వచ్చాడు. వంగేసరికి ఘుమఘుమలాడిపోయాయి.

"ఏటి రమేషూ, కాళ్ళకి పౌడరు కూడా రాసినావేటి?" అన్నాను చిన్నగా.

"ఊరుకో బావా, వీడియో తీత్తన్నారు. బేగి కానీ."

కడిగాను. ఆ కాళ్ళలో దుమ్ము కణం దొరకలేదు. పొద్దున్న సైకిల్ షాపులో చెయిను వేసిన చేతులు నావి, వాటి గ్రీజే దిగి నీళ్ళు నల్లబడ్డాయి. ప్రసంగీకుడు బేసినులోకి తొంగి చూసి, "చూడండి ప్రియులారా, ఎంత మలినం వదిలిందో" అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను. అసహ్యం వేసింది, బేబీ. వాళ్ళ మీద అనుకున్నాను అప్పుడు.

ఇంక దిగుతాను.

ఆ పొద్దున్న రమేష్‌బాబు కుర్చీలు దింపడానికి వచ్చి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "ఏటనుకోకు బావా. ముసలమ్మని ఎనక్కి మారిత్తే బాగుంతాది. వోసనొత్తంది. కొత్త మనిసొత్తన్నాడు కదా."

నాకు కోపం రావాలి. రాలేదు. ఆ మాట వేరే ఎవరైనా అంటే బాగుండునని తెల్లారినప్పటినుంచీ కాచుకున్నాను. ఇద్దరం మంచంతో సహా ఎత్తి పెరట్లో కట్టెల పాకలో పెట్టాం. "ఇక్కడైతే గాలి బాగా తగుల్తాది అత్తా" అన్నాను. ఆ పాకకి కిటికీ లేదు. నువ్వు పెట్టించమని రెండేళ్ళుగా చెబుతున్నావు.

"ఎంతసేపు బాబూ?" అంది.

"ఓ పాట, ఓ ప్రార్థన. అంతే."

అప్పటికి పదకొండు. తలుపు తీసేసరికి మూడున్నర. మర్చిపోయానని రాద్దామనుకుని ఒక కాగితం చింపేశాను. మర్చిపోలేదు. మధ్యలో కూర గిన్నెకని పెరట్లోకి వెళ్ళాను. ఇంట్లో పాడుతున్న పాటకి ఆవిడ పాకలోంచి గొంతు కలుపుతోంది. నిలబడి విన్నాను. గిన్నె పట్టుకుని వచ్చేశాను.

అందరూ వెళ్ళాక తీశాను. పక్కంతా పాడైపోయి ఉంది. ఎర్ర చీమలు పట్టేశాయి. ముప్పై ఏళ్ళుగా నా ఎదుట కొంగు జారనివ్వని మనిషి, ఆ కొంగే మొహం మీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. నేను గుమ్మంలోనే వాంతి చేసుకున్నాను. ఆ వాసన నా చొక్కాలో ఇప్పటికీ ఉన్నట్టే ఉంటుంది.

రమేష్‌బాబు భార్యకి ఫోన్ చేశాను. "అయ్యో అన్నయ్యా, ఇప్పుడే తానం సేసినాను. రేపు సూద్దారి" అంది.

మీ అమ్మ కొంగు కిందనించే అంది: "నువ్వు ముట్టకు బాబూ. అల్లుడివి. లోవలచ్చిమి వొచ్చేదాకా ఇలాగే ఉంతాను."

"పిక్కలైపోయాక గానీ రాదు అత్తా."

రోజులు లెక్కేసుకున్నట్టుంది. "అయితే నీళ్ళు ఎచ్చబెట్టు" అంది.

ముక్కుకి తువ్వాలు కట్టుకున్నాను. చీమలు ఒక్కొక్కటీ తీశాను. ఆవిణ్ణి ఎలా తిప్పాలో తెలీక కాలు పట్టుకు లాగితే, "సిన్నగా బాబూ, సైకిలు కాదు" అంది. నవ్వొచ్చింది, నవ్వుతూనే తువ్వాలు ఇంకాస్త బిగించుకున్నాను. వీపు మీద చీమలు కుట్టిన దద్దుర్లు నా అరచెయ్యంత ఉన్నాయి. ఆముదం రాస్తున్నాను, తగ్గుతున్నాయి. ఆ మాట అబద్ధం కాదు.

ఈ ఎనిమిది రోజులూ రెండు పూటలా నేనే. ప్రేమగా చేస్తున్నానని మాత్రం అనుకోకు. ఇప్పటికీ ఊపిరి బిగబట్టే లోపలికి వెళతాను. శుభ్రం అయ్యాక మేమిద్దరమే ప్రార్థన చేసుకుంటున్నాం. మైకు లేదు. ఆవిడ ప్రార్థన నిన్న ఇది: "తండ్రీ, మా అల్లుడి ముక్కుకి బలమియ్యి." ఆమెన్ అన్నాను. అంత మనస్ఫూర్తిగా ఎప్పుడూ అనలేదు.

నీకు రాయొద్దంది. రాస్తే సదువు మానేసి వచ్చేస్తావట. నువ్వు రాకు. అక్కడ సేవ గురించి నేర్చుకోవలసింది ఇంకో నెల ఉంది, పూర్తి చెయ్యి. నన్ను తిట్టాలంటే ఉత్తరంలో తిట్టు, వార్డెనుగారు చదివినా ఫరవాలేదు. వచ్చే శుక్రవారం కూటం మళ్ళీ మనింట్లోనే పెట్టమన్నాను, మీ అమ్మ మంచం ముందు వరసలో. "జనం రారు బావా" అన్నాడు రమేష్‌బాబు. "నువ్వు రా, చాలు. కాళ్ళు కడుక్కోకుండా రా" అన్నాను.

ఈ మధ్య నా పనులన్నీ సగంలో ఆగుతున్నాయి కాబట్టి సంతకం ముందే పెట్టేస్తున్నాను.

ఇట్లు,
నువ్వు మంచివాడనుకుని అమ్మని అప్పజెప్పి వెళ్ళిన
మీ ఆయన, రమణబాబు.

ఇంకొక్కటి ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ మీ అమ్మ, "ఉక్కపోత్తందని మా అల్లుడు గాలికి పాకలో ఏసినాడు, అంత కనిపెట్టుకుంతాడు" అని చెబుతోంది. నిజంగా నమ్మిందో, నమ్మినట్టు చెప్పి నా పరువు కాస్తోందో తెలీదు. ఏదైనా నాకు అన్నం దిగడం లేదు. నీకు చెప్పడం తేలికే, నువ్వు ఊళ్ళో లేవు. ఆవిడ మొహం చూసి చెప్పాలి. నాలుగు రోజులుగా బేసిను పట్టుకుని లోపలికి వెళ్ళడం, చెప్పకుండానే తిరిగి రావడం. ఇవాళ మాత్రం నీళ్ళు పెట్టకముందే, పక్కన కూర్చుని, అత్తా, ఆ రోజు గాలికోసం కాదు, నువ్వంటే నాకు అసహ్యం

మీ అమ్మ పిలుస్తోంది. వెళ్ళి అదే