పసుపు కింద బొత్తాం

సుబ్బులూ,

నువ్వు పోయాక ఇది మూడో దసరా. నాకు రాత సరిగా రాదని తెలుసుగా, తప్పులు వెతక్కు.

మా తాతలనాటి ఇత్తడి బొత్తాం గుర్తుందా? మా ముత్తాతకు తాత నెపోలియన్ కాలంలో కంపెనీ సిపాయిగా ఓడెక్కి ఫ్రెంచివాళ్లతో పోరాడాడని, అది ఆయన కోటు బొత్తామని నేనంటే మీ అన్నలు నవ్వేవారు. ఏటా ఆయుధపూజలో ఆ బొత్తానికి పసుపు మెత్తడం మా ఇంటి ఆచారం. చింతపండుతో తోముతానని నువ్వంటే, పూజలో వస్తువు ముట్టుకోవద్దని నీమీద అరిచాను.

మొన్న ఇక్కడ అమెరికాలో, షామ్‌బర్గ్‌లో మన మనవరాలు నన్నడక్కుండానే తోమేసింది.

"తాతయ్యా, నంబర్ ఉంది! రెజిమెంట్ నంబర్! నేను చెక్ చేశాను. వాళ్లు షిప్‌లో మారిషస్ వెళ్లి నెపోలియన్ ఆర్మీతో ఫైట్ చేశారు!" అంది.

నేను చెప్పింది నిజమే. మీ అన్నలిద్దరికీ ఫోన్ చేసి మరీ వినిపించాను. ఆ రుజువును ఇన్నేళ్లూ పసుపుతో కప్పిపెట్టింది నేనేనని మాత్రం వాళ్లకు చెప్పలేదు. నీకే చెబుతున్నాను.

ఈరోజు పూజలో బొత్తాం మెరుస్తోంది. పసుపు వెనకవైపు పెట్టాను.