చాకో దారిన వెళ్ళేవారికి

జనవరి 8, అసున్సియోన్

మా ట్రావెల్ ఆఫీసు వెబ్‌సైట్‌లో విదేశీయుల కోసం పెట్టే సలహాల పేజీ ఇవాళ్టికి పూర్తయింది. ఉన్నదున్నట్టు రాశాను. పరాగ్వే ఎక్కడుందో మ్యాపులో వెతుక్కుని వచ్చేవాళ్ళు, అన్నీ చెప్పాలి. జులైలో రండి, జనవరిలో రావద్దు, ఇక్కడ అది మండువేసవి. ఎవరైనా తెరెరె, అదే అందరూ ఒకే గొట్టంతో తాగే చల్లటి ఆకు టీ, ఇస్తే గొట్టం తుడవకుండా తాగండి. ఇంక చాలు అనుకున్నప్పుడే థాంక్స్ చెప్పండి, ముందే చెబితే మళ్ళీ ఇవ్వరు. బస్సులో అమ్మే చిపా రొట్టె వేడిగా ఉంటేనే కొనండి. చాకో పొడి అడవుల్లో ఉత్తరానికి వెళితే మనిషికి రోజుకి పది లీటర్ల నీళ్ళు. వాన పడితే మట్టిరోడ్డు ఎక్కొద్దు. ఆ మట్టి తడిస్తే సబ్బు, ఎండితే రాయి.

దెర్లిస్‌కి చదివి వినిపించాను. మా ఆయన తమ్ముడు, మా ఆఫీసులోనే డ్రైవరు. వదినా, ఇది చదివినవాడెవడూ మన గడప తొక్కడు, నా పొట్ట కొట్టకు అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

జనవరి 9

ఓనరు దోన్ ఎవరిస్తో పేజీ చూశాడు. సునిల్దా, నువ్వు జనాన్ని పిలుస్తున్నావా, తరిమేస్తున్నావా అన్నాడు. జనవరి మాట కొట్టేశాడు. వాన మాట కొట్టేశాడు. పది లీటర్లు తీసేసి, 'ఒక నీళ్ళ బాటిల్ దగ్గర ఉంచుకోండి' అని పెట్టాడు. తెరెరె మాత్రం ఉంచాడు. ఫోటో బాగుందట.

జనవరి 21

డెన్మార్క్ నుంచి భార్యాభర్తలు వచ్చారు. యెన్స్, కిర్‌స్టెన్. మర్యాదస్తులే. ఉత్తరాన అడవిలో జాగ్వార్‌ని చూడాలట. అక్కడ మొన్నంతా వాన. వద్దని చెప్పాను. మీ పేజీలో అలా లేదే అని కిర్‌స్టెన్ ఫోన్ తీసి చూపించింది.

దోన్ ఎవరిస్తో వచ్చి, దెర్లిస్ ఉండగా భయమేంటి, వాడు బురదలోనే పుట్టాడు అన్నాడు. ఆ ముక్కకి దెర్లిస్ ఉబ్బిపోయాడు. వెధవ. పొగిడితే చాలు వాడికి.

రేపటి ప్రయాణానికి నీళ్ళ డ్రమ్ము పికప్‌లోకి నేనే దగ్గరుండి ఎక్కించాను.

జనవరి 24, పొద్దున ఆరు

దెర్లిస్ నుంచి ఫోన్ లేదు. అక్కడ సిగ్నల్ ఉండదు. అదే అయ్యుంటుంది.

జనవరి 25

ఈపాటికి వచ్చేయాలి. జంతువు కనపడి ఆగిపోయుంటారు, అంటాడు దోన్ ఎవరిస్తో. అత్తమ్మ ఫోన్ చేసింది. అమ్మాయ్, వాడికిష్టమని మండియోకా దుంపలు ఉడకేశాను, ఏ వేళకొస్తాడు అంది. సాయంత్రానికి అన్నాను.

జనవరి 27, మరిస్కాల్ ఎస్తిగారిబియా

పోలీసులు పిలిస్తే చాకోలో ఈ ఊరికి వచ్చాను. ఆసుపత్రి వెనక గదిలో చూపించారు. దెర్లిసే. పెదాలు పగిలి, మొహం ఎవరిదోలా ఉంది.

ఏం జరిగిందో కిర్‌స్టెన్ చెప్పింది. బండి చక్రాలు బురదలో పూర్తిగా దిగబడిపోయాయి. దెర్లిస్ చక్రాల కింద వేయడానికి కొమ్మలు నరకబోయాడు. ఈలోగా వీళ్ళిద్దరూ ఒంటి బురద కడుక్కున్నారు. డ్రమ్ములో నీళ్ళతో. తాగడానికి బాటిల్ చాలన్నారు కదా, డ్రమ్ము స్నానానికనుకున్నాం అంది. చెబుతూ ఏడ్చింది. అబద్ధం ఆడుతున్నట్టు లేదు. అదే నాకు ఇంకా మండింది.

వాడు తిరిగొచ్చేసరికి అడుగున కాసిని మిగిలాయట. అవన్నీ వాళ్ళకే ఉంచి, నీడ వదిలి కదలొద్దని చెప్పి, పశువుల ఫారం దిక్కుగా నడిచాడు. మిట్టమధ్యాహ్నం. ఫారం కంచె దగ్గర పడిపోయి ఉంటే పనివాళ్ళు చూశారు. బండి ఎక్కడుందో మాత్రం చెప్పగలిగాడు. వాళ్ళు ట్రాక్టరేసుకెళ్ళి వీళ్ళని తెచ్చారు. వాణ్ణి ఆసుపత్రికి తెచ్చేలోపే పోయాడు.

కిర్‌స్టెన్ నన్ను కౌగిలించుకుంది. యెన్స్ పక్కన నిలబడి, తాళాలు అతని జేబులోనే ఉండిపోయాయి, మేం ఏసీ కూడా వేసుకోలేకపోయాం అన్నాడు.

జనవరి 29

నిన్న పూడ్చేశాం. మా ఆయన తను పనిచేసే బ్వెనోస్ ఐరెస్ నుంచి బస్సెక్కి వచ్చేసరికి అన్నీ అయిపోయాయి.

ఫిబ్రవరి 3

రివ్యూ పడింది. రెండు స్టార్లు. 'డ్రైవరు మమ్మల్ని ఎండలో వదిలి వెళ్ళిపోయాడు. తర్వాత అతనికి జరిగినదానికి చింతిస్తున్నాం. కానీ అతిథుల్ని వదిలి వెళ్ళడం బాధ్యతగల డ్రైవరు పని కాదు. వెళ్ళేవారికి మా సలహా: నీళ్ళు బాగా తీసుకెళ్ళండి. ఈ ఆఫీసువాళ్ళు ఆ సంగతి చెప్పరు.'

దాని కింద దోన్ ఎవరిస్తో జవాబు: 'క్షమించండి. ఆ డ్రైవరు ఇప్పుడు మా దగ్గర లేడు.'

అందులో అబద్ధమేం లేదు.

తర్వాత నన్ను పిలిచి, ఆ పది లీటర్ల మాట మళ్ళీ పెట్టెయ్ అన్నాడు.

ఫిబ్రవరి 5

తొమ్మిది రోజుల ప్రార్థనల్లో ఆఖరి రోజు. వీధి వీధంతా వచ్చింది. దోన్ ఎవరిస్తో పూలదండతో వచ్చి, అత్తమ్మ చెయ్యి పట్టుకుని, మీవాడి గురించి పై దేశంవాళ్ళు కూడా రాశారమ్మా అని చెప్పి జారుకున్నాడు. ఏం రాశారో చెప్పే దమ్ము లేదు.

అత్తమ్మకి గ్వారనీ తప్ప ఇంకో భాష రాదు. చదువు అమ్మాయ్ అంది. అందరూ దగ్గరికి జరిగారు.

ఫోన్ తెరిచాను. ఆ అక్షరాల మీదే చూపు పెట్టి చదివాను. మాకోసం నీళ్ళకి వెళ్ళాడు. ఉన్న నీళ్ళన్నీ మాకే ఉంచాడు. మేం బతికి ఉన్నామంటే అతని వల్లే.

మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. కాదమ్మాయ్, ఇందాక 'మాకే ఉంచాడు' అని కూడా అన్నావు, ఆ ముక్క వదిలేశావు అంది.

జరిగిందే కదా చదివాను. వాళ్ళు రాయలేదు, అంతే.

ఫిబ్రవరి 14

అత్తమ్మ జపమాల తిప్పేటప్పుడు ఇప్పుడు రెండు పేర్లు కలుపుతోంది. యెన్స్, కిర్‌స్టెన్. వాళ్ళు చల్లగా ఉండాలట. నోరు తిరగక, నన్నడిగి నేర్చుకుంది.

పేర్లు చెప్పాక ఆవిడ ఆగుతుంది. మిగతావాళ్ళం ఆమెన్ అనాలి.

అన్నాను.