కోట చూపించిన రోజు

ఉదయగిరి, ఆదివారం, మే 1982

సారా అంగడి తప్ప ఈ ఊళ్లో పొద్దుపోయేదానికి ఏముందని మొన్న పెద్దోడు అడిగినాడు. నిన్నటి నుంచి వాణ్ణి చుక్క ముట్టనీయలేదు. ఈ పొద్దు వాణ్ణీ కోడల్నీ కొండమీది కోటకు పిలుచుకుపోయినాను. సగం దారిలోనే వాడు కూలబడినాడు. ఒళ్లంతా వణుకు, నీళ్ల గ్లాసు చేతిలో నిలవలేదు.

“లేరా, పైన పాత మసీదు ఉండాది, చూద్దువుగాని” అన్నాను.

“నా చేత కాదమ్మా.”

కోడలు అన్నం గంపలోంచి చిన్న సీసా తీసింది. “ఇట్ల అవుతాదని తెలిసే తెచ్చినాను అత్తా. తిట్టబాకండి.”

నేను తిట్టలేదు. గ్లాసులో పోసి వాడి నోటికి నేనే పట్టినాను. కాసేపటికి వాడు లేచి మాకంటే ముందు పైకెక్కినాడు. కోటంతా తిప్పి చూపించినాడు, చిన్నప్పటి మాదిరి నవ్వినాడు. రేపటి నుంచి తాగొద్దని వాడికి ఏ నోటితో చెప్పేది...