మాస్టారి చెక్కలు

మచిలీపట్నం,
8 జనవరి 1979.

ప్రియమైన సంతోషమ్మ అక్కకు,

మీరు ఎన్నడూ చూడని నఫీసా నమస్కారాలు. మీ చిరునామా భుజంగరావు మాస్టారి భార్య ఇందిరాదేవి గారు ఇచ్చారు. మీరూ ఈ బడిలోనే చదివారని, మాస్టారి నాటకాల్లో పెద్ద వేషాలన్నీ మీవేనని కూడా ఆమే చెప్పారు.

నేను నిరుడు జూన్‌లో మన బధిరుల బడిలో టీచరుగా చేరాను. మా నాన్న లాల్ గిలకలదిండి రేవులో ఐసు దిమ్మలు మోస్తాడు. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. "ఇంత చదివించింది మాట వినపడని పిల్లలకు పాఠాలు చెప్పడానికా" అని మా అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. జీతం రోజున మాత్రం దెప్పదు.

మాస్టారితో నేను పనిచేసింది కొద్ది నెలలే. ఆయనకూ వినపడదని, అయినా నాటకం నేర్పుతారని విన్నప్పుడు నమ్మలేదు. నల్లబల్ల ముందుండే చెక్క అరుగు మీద పిల్లల్ని నిలబెట్టి, వెనక నుంచి ఆ చెక్కను దబ్బున కాలితో తన్నేవారు. కోపిష్టి మనిషి అనుకున్నాను. వినాయక చవితికి ముందు ఆయన పోయారు. బడి ఆవరణలోని ఇంటి నుంచి పాడె లేపుతుంటే పిల్లలందరూ ఒక్కసారిగా నేలను తన్నారు. పెద్దవాళ్ళు కసిరారు. ఏడుపు అలా వచ్చిందేమోనని నేను ఊరుకున్నాను.

ఇప్పుడు గుడివాడ రైసు మిల్లు యజమాని ఈశ్వరప్రసాద్ గారు మాస్టారి పేరు మీద బడిలో సిమెంటు వేదిక కట్టిస్తున్నారు. మార్చి నాలుగు, ఆదివారం ప్రారంభం. ఆ రోజు పిల్లలతో మాస్టారి 'రేవు' నాటకం వేయించాలి. "చూడమ్మా, ఆయనతోనే నాటకం పోయింది. ఈ ఒక్కసారికి చూస్తాం. కుదరకపోతే ఆ పీరియడు కూడా కుట్టుపనికి ఇచ్చేద్దాం" అన్నారు బడి కార్యదర్శి వెంకట్రామయ్య గారు. ఆయన చెడ్డవారు కాదు. కానీ అన్నంత పనీ చేస్తారు.

మీరు వచ్చి పిల్లలకు నేర్పగలరా?

మీ చెల్లెలి లాంటి,
నఫీసా

•

అవనిగడ్డ తాలూకా,
20 జనవరి 1979.

ప్రియమైన నఫీసాకు,

నీ ఉత్తరం ఊరంతా తిరిగి నా దగ్గరికి వచ్చింది. తుఫాను తర్వాత మా పల్లెలో ఇళ్ళు చోటు మారాయి. పోస్టుమానుకు ఇంకా అలవాటు కాలేదు. మా అమ్మ తుఫానులో పోయింది. ఇప్పుడు ఇంట్లో నేనూ, కుట్టుమిషనూ. గోడలు సర్కారువి, కప్పు చర్చి వాళ్ళది. తలుపు మాత్రం గట్టిది.

నేను రాలేను. అమ్మ పోయాక వేషం వేయలేదు. మాస్టారు పోయినప్పుడు కూడా రాలేదు. పిల్లలు ఆయన నేర్పింది మరిచిపోరు. నువ్వు వాళ్ళకు అడ్డం రాకుండా ఉంటే చాలు.

ఆశీస్సులతో,
సంతోషమ్మ

•

మచిలీపట్నం,
12 ఫిబ్రవరి 1979.

ప్రియమైన అక్కకు,

నేను అడ్డం రాలేదు. అయినా నాటకం కదల్లేదు.

తరగతిలోని చెక్క అరుగు మీద ఇద్దరు ముగ్గురు చొప్పున బాగానే చేశారు. నిన్న మొదటిసారి కొత్త వేదిక ఎక్కించాను. మీకు తెలుసుగా, 'రేవు'లో ఊరివాళ్ళంతా పడవ కోసం నిలబడతారు. ప్రేక్షకులున్న వైపే ఏరు. అందరి చూపూ అటే. ఎవరి వంతు వస్తే వాళ్ళు కదిలి మాటల బదులు చేతులతో తమ కథ చెప్పాలి. నిన్న ఎవరి వంతూ రాలేదు. ముసలమ్మ వేషం వేసే బుల్లెమ్మ మాటిమాటికీ మెడ తిప్పి వెనక్కి చూసింది. వెనకనున్న పిల్లలు సిమెంటును కాళ్ళతో తన్నడం మొదలుపెట్టారు. అల్లరి చేస్తున్నారని నేను ఆపాను.

ఈశ్వరప్రసాద్ గారు చూడటానికి వచ్చి ఉన్నారు. "ఏమ్మా, ఫొటోకి నిలబడ్డారేంటి?" అన్నారు. "నే చెప్పలా?" అన్నారు వెంకట్రామయ్య గారు. బుల్లెమ్మకు మాటలు వినపడకపోయినా వాళ్ళ ముఖాలు కనపడ్డాయి.

పిల్లలకు భయమా అక్కా? భయం పోగొట్టడానికి మాస్టారు ఏం చేసేవారు?

నఫీసా

•

అవనిగడ్డ తాలూకా,
17 ఫిబ్రవరి 1979.

ప్రియమైన నఫీసాకు,

అడ్డం వచ్చావు. కోపంతో రాయడం లేదు.

మాస్టారు కోపంతో ఎన్నడూ కాలు ఎత్తలేదు. అది పిలుపు. చెక్క మీద తడితే ఆ చెక్క మీద నిలబడ్డవాళ్ళ అరికాలికి తెలుస్తుంది. వెనక్కి చూడక్కర్లేదు. ఒక్కొక్కరికి ఒక్కో పిలుపు ఇచ్చేవారు. నాది మడమతో ఒకటి, ఊపిరంత ఆగి ఇంకొకటి. తెర లేచే ముందు మాత్రం అందరం కలిసి ఒక్కసారి తన్నేవాళ్ళం. 'మాస్టారూ, మేం సిద్ధం' అని దాని అర్థం. పాడె లేచినప్పుడు పిల్లలు చెప్పింది అదే అయి ఉంటుంది.

చిన్నప్పుడు జ్వరంలో వినికిడి పోయాక ఆయన ఒక నాటకాల కంపెనీలో తెర లాగే పనికి కుదిరారట. ఎప్పుడు లాగాలో ఎవరూ చెప్పేవారు కాదట. హార్మోనియం పెట్టిన బల్లకు మోకాలు ఆనించి నేర్చుకున్నారు. అదే మాకు నేర్పారు.

సిమెంటు ఏమీ చెప్పదు. మీరంతా కలిసి పిల్లలకున్న ఆ ఒక్క చెవినీ మూసేశారు.

పాత వేదిక టేకు చెక్కలది. నువ్వు చేరే నాటికే అది లేదు. అది ఎక్కడ ఉందని మాత్రం నన్ను అడగొద్దు.

సంతోషమ్మ

•

మచిలీపట్నం,
22 ఫిబ్రవరి 1979.

ప్రియమైన అక్కకు,

మీ ఉత్తరం చదివి గుడివాడ బస్సెక్కాను. ఈశ్వరప్రసాద్ గారు మిల్లులోనే ఉన్నారు.

"ఏమ్మా, వేదిక బీట తీసిందా?"

"లేదండీ. మరీ గట్టిగా ఉందండీ."

"గట్టిగా ఉండటం కూడా తప్పేనా?" అని నవ్వారు.

మిల్లు ఆడుతోంది. మేం నిలబడ్డ చెక్క అటక అదురుతోంది. చెప్పులు విప్పమని అడిగాను. వింతగా చూసి విప్పారు. మీరు రాసిందంతా చెప్పాను. కాసేపు తన కాళ్ళ వైపే చూసుకున్నారు.

"నిజమే. బేరింగు పోతే ముందు నా కాలికే తెలుస్తుంది" అన్నారు. తర్వాత కొంచెం కోపంగా, "మరి ఈ సంగతి ఆయన నాకెందుకు చెప్పలేదు?" అన్నారు.

"ఆయన పోయాక కదండీ మీరు కట్టించింది."

పైన చెక్క పరిపిస్తానన్నారు. అయితే ఇప్పుడు కాదట. టేకు దొరకదు, వడ్రంగి దొరకడు, అంతా దివిసీమ ఇళ్ళకే పోతోంది, ఎండాకాలం దాకా ఆగమన్నారు. పడవలు బాగుచేసే మా బాజి మామయ్యను అడిగితే ఆయనా అదే మాట. వెంకట్రామయ్య గారేమో ఆహ్వానాలు అచ్చయ్యాయి, తేదీ మార్చేది లేదన్నారు. ఇంకో మాట కూడా అన్నారు.

"పాత చెక్కలుంటే ఈ గొడవే లేదు. తుఫానుకు పోయాయని పలక మీద రాసి చూపించాడు మీ మాస్టారు. రేకులు ఎగిరాయంటే నమ్ముతాం గానీ టేకు చెక్కలు ఎగురుతాయా అమ్మా? ఎవరికి అమ్ముకున్నాడో ఏమో!"

ఇందిరాదేవి గారు ఎదురుగా తన ఇంటి గుమ్మంలోనే ఉన్నారు. ఆ మాట విని లోపలికి వెళ్ళిపోయారు.

అక్కా, అడగొద్దన్నారు. అడుగుతున్నాను. మాస్టారు అమ్ముకున్నారా?

నఫీసా

•

అవనిగడ్డ తాలూకా,
26 ఫిబ్రవరి 1979.

ప్రియమైన నఫీసాకు,

అమ్ముకోలేదు. ఆయన పలక మీద రాసింది నిజమే. అవి తుఫానుకే పోయాయి.

తుఫాను వచ్చిన ఏడు క్రిస్మస్ ముందు మాస్టారు బియ్యం లారీలో ఆ చెక్కల మీద కూర్చుని మా పల్లెకు వచ్చారు. అప్పటికి మా వరసలో ఇళ్ళకు గోడలు లేచాయి, తలుపుల్లేవు. కుక్కలు, పాములు తిరుగుతున్నాయి. నా వెనక ఏది వచ్చినా నాకు తెలియదు. అమ్మ ఉంటే ఆమె చూసేది. మాస్టారు వడ్రంగి పక్కనే కూర్చుని మా వరసంతటికీ తలుపులు చేయించారు. బడివాళ్ళకు తెలిస్తే ఊడదీసుకుపోతారని, ఎవరికీ చెప్పొద్దన్నారు. ఇందిరాదేవి గారికి కూడా చెప్పలేదని నీ ఉత్తరం వల్ల తెలిసింది.

నా తలుపు లోపలి వైపు తెల్లరంగు గుర్తు ఒకటుంది. 'రేవు'లో నేను నిలబడే చోటది. ఏరి కోరి ఆ చెక్కే నాకు పెట్టించారు. దానికి వీపు ఆనించి కుట్టుకుంటాను. ఎవరు తట్టినా వీపుకు తెలుస్తుంది. దాన్ని వదిలి రాలేకే నీకు రానని రాశాను.

నిన్న సాయంత్రం వరసలో ఆడవాళ్ళను కూర్చోబెట్టి చేతులతో అంతా చెప్పాను. పక్కింటి వెంకాయమ్మ అత్తకు నా సైగలు తెలుసు. ఆమె అరిచి మాట్లాడుతుంది కాబట్టి ఆమె పెదాలు చదవడం నాకు తేలిక. "తలుపిచ్చినాయన పేరు మీద తలుపడిగితే లేదంటామా? కానీ ఆట అవగానే తెచ్చి బిగించెయ్యాలమ్మాయ్. తలుపు లేకపోతే మా ఆయన గురక వీధంతా వినపడుద్ది" అంది. అందరూ నవ్వారు. నాకు ఆ గురక బాధ ఎప్పుడూ లేదు.

శనివారం గడ్డి లారీలో తలుపులూ నేనూ వస్తాం. మీ బాజి మామయ్యతో తాటి దూలాలు పరిపించి ఉంచు.

సంతోషమ్మ

•

మచిలీపట్నం,
13 మార్చి 1979.

ప్రియమైన సంతోషమ్మ అక్కకు,

తలుపులు క్షేమంగా చేరి, బిగించారని మీ కార్డు వల్ల తెలిసింది. ఆదివారం మీరు తెర వెనక పిలుపులు ఇస్తూ ఉండిపోయారు. ఆ రాత్రే తలుపులతో పాటు లారీ ఎక్కేశారు. కాబట్టి తెర ముందు జరిగింది రాస్తున్నాను.

బాజి మామయ్య మేకు కొట్టకుండా పడవ తాళ్ళతో తలుపులను దూలాలకు ఎలా బిగించాడో మీరు చూశారు. పిల్లలందరూ కలిసి మొదట ఒక్కసారి తన్నినప్పుడు ముందు వరసలో వాళ్ళు ఉలిక్కిపడ్డారు. ఇందిరాదేవి గారు మాత్రం కళ్ళు మూసుకున్నారు. బుల్లెమ్మకు మీరు పిలుపు ఇచ్చినప్పుడు నేను దాని ముఖమే చూస్తున్నాను. మెడ తిప్పలేదు. నవ్వింది. అక్కడ నవ్వకూడదు, కొడుకు పోయిన ముసలమ్మ వేషం. ఎవరూ తప్పు పట్టలేదు.

మా అమ్మ జనంలోంచి లేచి వచ్చి, వేదిక అంచున చెయ్యి ఆనించి కూర్చుంది. "నీకు వినపడుతుంది కదమ్మా" అంటే, "ఉండవే, చేతికి వేరేగా ఉంది" అంది.

నాటకం అయ్యాక ఈశ్వరప్రసాద్ గారు చెప్పులు విప్పి పైకి ఎక్కారు. కాలికేదో తగిలి వంగి చూశారు. "వేదికకు గడియ ఏంటమ్మా?" అన్నారు. వెంకట్రామయ్య గారు కూడా వంగారు. ఆయన మీ తెల్ల గుర్తును గుర్తుపట్టారు. "ఇవి మన చెక్కలే! ఎక్కడివి ఇవి?"

నేను నోరు తెరిచేలోపు ఇందిరాదేవి గారు, "ఆయన రాసి చూపించారు కదండీ, తుఫానుకు పోయాయని" అన్నారు. శనివారం మీరు ఆమెకు చెప్పినదంతా ఆ ఒక్క మాటలో ఉంది. వెంకట్రామయ్య గారు చాలాసేపు ఆ గడియను తీస్తూ వేస్తూ నిలబడ్డారు. చివరికి, బడి సొత్తు కాబట్టి ఇక్కడే ఉంచేద్దామా అని మెల్లగా అడిగారు. "వాళ్ళ గుమ్మాలకు ఇప్పుడు గోనెపట్టాలు వేలాడుతున్నాయయ్యా" అని ఈశ్వరప్రసాద్ గారు తన మిల్లు లారీ కోసం మనిషిని పంపారు.

ఎండాకాలంలో చెక్క పరుస్తారు. నాటకం పీరియడు అలాగే ఉంది. మాస్టారు అమ్ముకున్నారన్న మాట వెంకట్రామయ్య గారు మళ్ళీ ఎత్తలేదు. తప్పయిందని కూడా అనలేదు.

వేసవి సెలవుల్లో మీ ఊరు వస్తాను. చల్లపల్లిలో బస్సు మారాలట. ఆ రోజు తలుపుకు వీపు ఆనించి కుట్టుకుంటూ కూర్చోండి. మడమతో ఒకటి, ఊపిరంత ఆగి ఇంకొకటి. తలుపును కాలితో తన్నుతున్న ఈ పిల్ల ఎవరని వెంకాయమ్మ అత్త కసిరితే, నాకు అలా నేర్పింది మాస్టారేనని చెప్పండి.

మీ చెల్లెలు,
నఫీసా